వైద్యుని కత్తియు కమ్మరి కొలిమియు

ఒక శాస్త్రముయొక్క ఘనతను దాని గ్రంథములనుబట్టి నిర్ణయించుట మన పండితులకు వాడుక. ఆ శాస్త్రము చేతి కెక్కినదా లేదా యని తెలిసికొనవలెనన్నచో దాని పనిముట్లను జూడవలెనని మా యభిప్రాయము. కాలిన దేహమునకు క్రొత్తతోలు వేయు చర్మారోపణవిద్యయే యిందుకు దగిన నిదర్శనము. ఈ విద్యలో మనదేశము లోకమునకు తొలిగురువని వేదికలమీద తఱచుగా వినుచున్నాము. ఆ పనికి మన యాసుపత్రులలో వాడు విద్యుద్యంత్రములమీది పేళ్ళు మాత్రము చాలవఱకు పరదేశములవి. ఈ రెండు మాటలును నిజములే. వీని నడుమ నున్న దూరమును గూర్చి నేడు చదువరులతో విచారింపదలచితిమి.

ఇది విద్వాంసుల వినోదమునకై యెత్తుకొన్న ప్రసంగము కాదు. కేంద్రప్రభుత్వపు టంచనాల ప్రకారము మనదేశమున ఏటేట సుమారు 70 లక్షలమంది కాలినగాయములపాలగుచున్నారు. 1 లక్ష 40 వేలమంది మరణించుచున్నారు. వంటయింటి మంట, పొలములోని విద్యుత్తీగ, దీపావళి మందుగుండు, కర్మాగారములోని ప్రేలుడు, వీనిలో నేది యే యింటికి వచ్చునో యెవరు చెప్పగలరు? 2025 జూన్ 30వ తేదీన పాశమైలారమున సిగాచీ కర్మాగారమునందు జరిగిన ప్రేలుడులో నలువదిమందికి పైగా కార్మికులు ప్రాణములు కోల్పోయిరి. ఇట్టి యాపదలనుండి కొనయూపిరితో బయటపడినవానికి తరువాతి వారములలో శత్రువు మంట గాదు, తోలు లేకపోవుటయే. తోలు పోయినచోట దేహములోని నీరు కాఱిపోవును, వెచ్చదనము పోవును, సూక్ష్మక్రిములు చొరబడును. ఆ వాకిలిని మూయవలెను. అతని దేహముననే చెడని చోటినుండి పలుచని తోలుపొరను దీసి పుండుపై పఱచుట యిందుకు నేటికిని నమ్మదగిన మార్గము.

ఆ పొర యెంత పలుచనిది? సాధారణముగా 0.2 మొదలు 0.4 మిల్లీమీటరు వఱకు; అనగా వ్రాతకాగితములు రెండు మొదలు నాలుగు పేర్చినంత. అంతమాత్రమే తీసినచో, తీసినచోట వెండ్రుకల కుదుళ్ళును చెమటగ్రంథులును మిగిలియుండి, సుమారు రెండు వారములలో తోలు తానే యల్లుకొనును. కత్తి లోతుగా దిగినదా, వైద్యుడు ఒక పుండును మాన్పబోయి రెండవ పుండును గల్పించినవాడగును. మఱీ పలుచనగా వచ్చినదా, ఆ పొర యతికినను తరువాత ముడుచుకొని మెడను, వ్రేళ్ళను వంకరచేయును. ఆలుచిప్పతో మామిడికాయ చెక్కుతీయు గృహిణికి ఈ సూక్ష్మము తెలియును. చెక్కు సమముగా వచ్చుటకు చేయి నెమ్మదిగా నుండవలెను, అంచు వాడిగా నుండవలెను. రెంటిలో నొకటి తప్పినను కండ పోవును.

ఈ యంచునుగూర్చి మన పూర్వులకు దెలిసినది కొంచెము కాదు. సుశ్రుతసంహితయందు యంత్రములు 101, శస్త్రములు 20 అని లెక్క చెప్పబడినది. మండలాగ్రము, ఉత్పలపత్రము, వ్రీహిముఖము, కుశపత్రము మున్నగు పేళ్ళు ఆకులను, గింజలను జూచి పెట్టినవి. పేళ్ళకంటెను అందు జెప్పబడిన నియమములు మాకు ముఖ్యములుగా దోచుచున్నవి. కత్తి వెండ్రుకను గోయునంత వాడిగా నుండవలెను. దానికి క్షారమునగాని, నీటగాని, నూనెయందుగాని పదను పట్టింపవలెను. మినుపవన్నె గల నున్నని రాతిమీద నూఱవలెను. ఆ యంచు చెడకుండుటకు బూరుగుచెక్క నుపయోగింపవలెను. శిష్యుడు రోగిని ముట్టుకొనక ముందు గుమ్మడి, దోస మున్నగు కాయలమీద చేతిని సవరించుకొనవలెను. ఇట్లు వ్రాసినవాడు కొలిమియొద్దకు బోయి కూర్చున్నవాడేకాని వట్టి పుస్తకములవాడు కాడు.

తెగిన ముక్కును బాగుచేయుటకు సుశ్రుతుడు చెప్పిన విధానము సుప్రసిద్ధము. ఆకుతో ముక్కు కొలత దీసి, ఆ కొలతకు చెక్కిలితోలును ఒకవైపు తెగకుండ గోసి, త్రిప్పి యతికించి, ఊపిరికై రెండు గొట్టములు నిలుపవలెను. ఇచ్చట మనము సత్యమును దాటి మాటలాడగూడదు. ఇది నేటి వైద్యులు చర్మారోపణమను దానికి తోబుట్టువేకాని యదియే కాదు. తొడిమ తెగని యాకును వంచి కట్టుట వేఱు. మడినుండి నారు పీకి మఱియొక పొలములో నాటుట వేఱు. మొదటిదానికి రక్తము పాతతావునుండియే యందుచుండును. రెండవదానికి క్రొత్తనేలలో వేరు పట్టవలెను. మొదటి విద్యకు మన గ్రంథమే ప్రసిద్ధమైన మూలము. రెండవది పందొమ్మిదవ శతాబ్దమున ఐరోపాలో స్థిరపడినది. ఒప్పుకొనుటవలన మన గౌరవమునకు లోపము లేదు.

మొదటి విద్య మననుండి సీమ కేగిన కథ యిట్టిది. 1792 నాటి మైసూరు యుద్ధమున కావస్జీ యను మహారాష్ట్రుడు ఇంగ్లీషుసేనలో ఎడ్లబండ్లు తోలుచుండెను. అతనిని టిప్పుసుల్తాను సైనికులు పట్టుకొని ముక్కును ఒకచేతిని కోసివేసిరి. సుమారొక సంవత్సరము పిమ్మట పూనా ప్రాంతమున ఇటుకలు చేయు కులమువా డొకడు మైనముతో కొలతదీసి, నొసటితోలును మలచి, అతనికి క్రొత్తముక్కును గట్టెను. ఆ వృత్తాంతము లండనులోని ‘జెంటిల్మన్స్ మేగజిన్’ అను పత్రికలో 1794 అక్టోబరున చిత్రముతోగూడ వెలువడినది. దానిని జూచి జోసెఫ్ కార్ప్యూ అను వైద్యుడు శవములపై పలుమాఱు అభ్యసించి, 1814లో లండనున ఆ శస్త్రచికిత్సను తాను చేసి, 1816లో గ్రంథము ప్రకటించెను.

ఆ సంవత్సరములయందే మఱియొక మూట గూడ మనదేశమునుండి ఓడ యెక్కినది. అది ఉక్కు. బొంబాయిలోనుండిన హెలెనస్ స్కాట్ అను వైద్యుడు, లండను రాయల్ సొసైటీ అధ్యక్షుడగు జోసెఫ్ బ్యాంక్స్ నకు వ్రాసిన జాబులలో ఇచ్చటివారు ముక్కులు గట్టు విద్యను గూర్చియు, ఇచ్చటి ఉక్కును గూర్చియు తెలియజేసి, ఆ ఉక్కుముద్దలను పంపెను. ఇంగ్లీషువారు దానిని ‘ఊట్జ్’ అనిరి. అది మన ‘ఉక్కు’ అను మాటకే వికారమని పలువురు పండితుల యభిప్రాయము. జార్జి పియర్సన్ 1795లో దానిని పరీక్షించి రాయల్ సొసైటీకి వ్యాసము సమర్పించెను. లండనులో శస్త్రవైద్యుల కత్తులు చేయు జేమ్స్ స్టోడార్ట్ ఈ ఉక్కు ఐరోపాలోని మేలైన యుక్కుకంటె నుత్తమమని చెప్పి, దానితో కత్తులు చేసి యమ్మెను. కమ్మరి కుమారుడగు మైఖేల్ ఫారడే అతనితో గలసి ఉక్కు మిశ్రమములపై పరిశోధనలు చేసి 1820, 1822 సంవత్సరములలో ప్రకటించెను.

ఇట్టి యుక్కు పుట్టిన తావులలో మన తెలుగునేల యొకటి. నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రమున కమ్మరులు మూసలలో కరగించు ఉక్కుకై పారశీకదేశపు వర్తకులు వచ్చి కాచుకొని యుండెడివారు. ఆ కొలుములను గన్నులార జూచి వర్ణించిన హెన్రీ వాయ్సీ స్వయముగా శస్త్రవైద్యుడు. అతడు చనిపోయిన పిమ్మట 1832లో ఆ వ్రాత అచ్చుపడినది. పూనాలోని ఇటుకల కులమువాని కత్తి కోనసముద్రపు టుక్కుతో జేసినదని మేము చెప్పబోము. అట్టి యాధార మెచ్చటను లేదు. మేము చెప్పునది వేఱు. కత్తి పట్టినవాడు పూనాలో, ఉక్కు కరగించినవాడు కోనసముద్రమున, సంహితను వల్లించినవాడు ఏ యగ్రహారముననో యుండిరి. ఈ మువ్వురను ఒక యరుగుమీద గూర్చుండబెట్టినవా డొక్కడును మనకు లేకపోయెను. పుస్తకమున కొక కులము, కత్తికొక కులము, కొలిమి కొక కులము. లండనులోనో, శాస్త్రజ్ఞుడును కత్తులు చేయువాడును ఒక్క బల్లయొద్ద పనిచేసిరి. మన విద్య పోయినది పరులు దోచినందువలన మాత్రమే కాదు. మనలో మనము పంచుకొని విడిపోయినందువలన గూడ పోయినది.

తరువాతి చరిత్ర యంతయు ఈ మాటకే సాక్ష్యము. 1869లో పారిస్ నగరమున జాక్ రెవెర్డాఁ అను యువవైద్యుడు చిన్నకత్తికొనతో తోలుచుక్కలను లేవనెత్తి పుండుపై నాటెను. అవి వేరుపట్టి నలుప్రక్కలకు వ్యాపించెను. 1870, 80ల నడుమ ఫ్రాన్సున ఒలియే, జర్మనీలో తీర్ష్ అను వైద్యులు చుక్కలకు బదులు వెడల్పు పొరలను దీయుట నేర్పిరి. తీర్ష్ చేతిలోని సాధనము క్షౌరకత్తి వంటి కత్తియే. ఆ కత్తితో సమమైన పొర దీయుట కొందఱు హస్తసిద్ధులకే సాధ్యమాయెను. 1929లో అమెరికాలో బ్లెయిర్, బ్రౌన్ అను నిరువురు మధ్యమమైన మందము గల పొరయే మేలని స్థాపించిరి. కాని ఏ వైద్యుడు తీసినను ఆ మందమే వచ్చునట్లు చేయుట యెట్లు?

దానికి మొదటి సమాధానము ఇంగ్లాండున గ్రహామ్ హంబీ యిచ్చెను. 1930ల నడిమికాలమున అతడు కత్తియంచునకు ముందొక దొర్లెడు కడ్డీని నిలిపి, ఆ రెంటినడుమ సందును మరతో బిగించుటకును వదలుటకును వీలు కల్పించెను. ఎంత సందో అంతే మందము. ఆ కత్తియు, దానిని సవరించి తరువాతివారు చేసిన కత్తులును నేటికిని మన ఆసుపత్రులలో పనిచేయుచున్నవి. రెండవ సమాధానము మఱింత గణింపదగినది. అమెరికాలోని కాన్సాస్ విశ్వవిద్యాలయమున ఎర్ల్ ప్యాడ్జెట్ శస్త్రవైద్యుడు. జార్జి హుడ్ అదే విశ్వవిద్యాలయమున ఇంజనీరింగు ఆచార్యుడు. ఇరువురును గలసి సగము పీపావలె నుండు లోహపుదొప్పకు జిగురు పూసి, తోలు దాని కంటుకొనగా, నిర్ణీతమైన యెడమున కత్తి యాడునట్లు ఒక యంత్రమును గల్పించిరి. 1939లో ప్రకటింపబడిన ఆ యంత్రమే ప్యాడ్జెట్ డెర్మటోమ్. వెనువెంటనే వచ్చిన ప్రపంచయుద్ధమున అది కాలినసైనికుల కెందఱికో ఉపకరించినది.

హ్యారీ బ్రౌన్ అను అమెరికను వైద్యుడు జపానువారి చెఱలో నుండగా విద్యుత్తుతో నడచు డెర్మటోమును ఊహించి, విడుదలయైన పిమ్మట దానిని నిర్మించి 1948లో ప్రకటించెను. 1964లో ట్యానర్ మున్నగువారు తోలుపొరకు వరుసగా గాట్లుపెట్టి వలవలె సాగదీయు యంత్రమును దెచ్చిరి. దీనివలన చిన్నపొర మూడింతల పుండును గప్పగలదు. వలకన్నులనుండి నెత్తురునీరు వెలికి బోవును గనుక పొర క్రిందినుండి యూడిపోదు. ఒడలు సగముకంటె నెక్కువ కాలినవానికి ఈ చిన్న యుపాయమే ప్రాణదాత యైనది.

ఈ చరిత్ర నంతను మేమేల చెప్పితిమి? ఇందులో మహామంత్ర మేదియు లేదు. ఒక కడ్డీ, ఒక మర, ఒక పీపా, ఒక చిన్న మోటారు. తన చేతికి కావలసినదేమో వైద్యుడు చెప్పగలుగుటయు, దానిని వినువా డొకడు ప్రక్కన నుండుటయు, ఇంతమాత్రమే రహస్యము.

ఇక మన నగరమును జూతము. ఉప్పలు, అంబరుపేటల నడుమ నున్న రామంతాపూరున నిలిచి చుట్టును జూచినచో కాన్సాసులో లేనిది గూడ ఇచ్చట గలదు. రామంతాపూరుననే జవహర్‌లాల్ నెహ్రూ ప్రభుత్వ పాలిటెక్నిక్ కలదు. యంత్రమును చేతితో జేయు యువకులు తయారగు చోటది. ప్రక్కనే ఉప్పలు పారిశ్రామికవాడ. కొలదిమైళ్ళలో ఉస్మానియా విశ్వవిద్యాలయము. దాని ఇంజనీరింగు కళాశాల 1929లో వెలసినది. వైద్యయంత్రములకై ప్రత్యేకముగా నొక శాఖయు అందు గలదు. తార్నాకలో 1944 నాటినుండి పెరిగిన రసాయన సాంకేతికసంస్థ, ఆ దాపున జీవకణపరిశోధనాలయము, జాతీయ పోషకాహారసంస్థ. నగరమునకు దక్షిణముగా కంచన్‌బాగున 1973లో స్థాపింపబడిన మిశ్రధాతు నిగమము ప్రత్యేకమైన యుక్కులను జేయుచున్నది. మూసీ యొడ్డున అఫ్జల్‌గంజిలో ఉస్మానియా ఆసుపత్రి. 1888, 89 సంవత్సరములలో క్లోరోఫారముపై జరిగిన పరీక్షలవలన హైదరాబాదు పేరు లోకమందలి శస్త్రవైద్యు లందఱికిని తెలిసిన సంగతి మఱవదగినది కాదు.

అన్నియు గలవు, ఒకదాని కొకటి పొరుగు మాత్రము లేదు. ఉస్మానియా వైద్యకళాశాలయు ఇంజనీరింగు కళాశాలయు చిరకాలము ఒకే విశ్వవిద్యాలయపు బిడ్డలు. 1986లో విజయవాడయందు ఆరోగ్యవిశ్వవిద్యాలయ మేర్పడగా వైద్యకళాశాల దాని పాలిటికి బోయెను. రాష్ట్రవిభజనానంతరము వరంగల్లులోని కాళోజీ ఆరోగ్యవిశ్వవిద్యాలయపు టేలుబడిలోనికి వచ్చెను. పరిపాలనకై చేసిన యీ యేర్పాటును మేము తప్పుపట్టము. కాని ఒకయింటివారు వేఱుపడినను పండుగనాడైన గలిసికొందురు. ఈ రెండు కళాశాలలకును అట్టి పండుగ యేదియు నేర్పాటు కాలేదు. పాత కులవిభాగము పోయినదని సంతోషించుచున్న మనము శాఖావిభాగమను క్రొత్త కులమును గల్పించుకొంటిమి.

మఱియొక యుదాహరణము చూడుడు. 1961లో కేంద్రప్రభుత్వము ఐ.డి.పి.ఎల్. అను సంస్థను స్థాపించి, సోవియట్ సహాయముతో మూడు కర్మాగారములను నెలకొల్పెను. ఋషీకేశమున సూక్ష్మజీవినాశక ఔషధములకు, హైదరాబాదున రసాయనౌషధములకు, మద్రాసున శస్త్రచికిత్సాపరికరములకు. హైదరాబాదు కర్మాగారమున పనినేర్చిన అంజిరెడ్డి మున్నగువారు బయటికి వచ్చి సొంత పరిశ్రమలు పెట్టిరి. నేడు మన నగరపు మందుబిళ్ళలు ఖండాంతరములకు బోవుచున్నవి. మద్రాసు కర్మాగారమునకు అట్టి సంతానము కలుగలేదు. 2016 డిసెంబరున కేంద్రమంత్రివర్గము మూలసంస్థనే మూసివేయ నిశ్చయించెను. ఒకే చెట్టున ఒక కొమ్మ పండినది, ఒక కొమ్మ యెండినది. మందును జేయుటకు రసాయనజ్ఞుడు చాలును. పరికరమును జేయుటకు వైద్యుడును చేతిపనివాడును జంటగా నుండవలెను. ఆ జంట మనకు కుదురలేదనుటయే మా తాత్పర్యము.

కుదిరినచో నేమగునో ఈ నగరమే చూపినది. క్షిపణులు చేయు శాస్త్రజ్ఞుడు అబ్దుల్ కలామును హృద్రోగవైద్యుడు సోమరాజును గలసి 1990లలో గుండెనాళమునకు స్వదేశపు స్టెంటును సిద్ధపఱచిరి. క్షిపణులకై కనిపెట్టిన తేలిక పదార్థముతో నిమ్స్ వైద్యుల కోరికమీద పోలియో పిల్లలకు కాలికట్టులు చేయబడినవి. సుమారు మూడు కిలోల బరువు మూడువందల గ్రాములకు దిగినదని కలాముగారే చెప్పియున్నారు. ఆ మైత్రి ఇరువురు మహనీయుల సౌజన్యమువలన గలిగినది. సౌజన్యము చాలదు, అది పద్ధతిగా మాఱవలెను.

“యంత్రము కావలసిన కొనుక్కొనవచ్చును గదా, ఈ యాయాస మెందుకు?” అని కొందఱు పెద్దమనుష్యు లడుగుదురు. కొనవచ్చును. కొన్న యంత్రము చెడిన దినమున దానిని విప్పి చూచుటకు మనకు చేతనగునా? ఆ యంత్రమునకు ప్రతిమాఱును క్రొత్తపలక కావలెను. వలచేయు యంత్రమునకు క్రొత్తపలక మఱియొకటి. ఇవి అయిపోయినచో యంత్రము బీరువాలో నుండును, రోగి మంచముమీద నుండును. జిల్లా ఆసుపత్రికి తగినది, సులభముగా కాచి శుభ్రపఱుపదగినది, విద్యుత్తు పోయినను పనిచేయునది, ఇచ్చటి కమ్మరి బాగుచేయగలిగినది యొక్క డెర్మటోము చాలును. ఇట్టిదానిని పరదేశపు వర్తకుడు మనకై యాలోచింపడు. వాని లాభము మాటిమాటికి పలకల నమ్ముటయందే గలదు. మన రోగుల మేలు మనమే తలపవలెను.

2023లో కేంద్రప్రభుత్వము వైద్యపరికరములకై జాతీయవిధానమును ఆమోదించినది. విశాఖపట్టణమున వైద్యపరికరములకై యొక మండలమును, సంగారెడ్డి జిల్లా సుల్తాన్‌పూరున మఱియొక పారిశ్రామికవాడయు వెలసినవి. సంతోషమే. భూమియు కొట్టములును సిద్ధమైనంత మాత్రమున కత్తి పదను పట్టదు. మేము కోరునది స్వల్పము. ఉస్మానియా ఆసుపత్రిలోని చర్మశస్త్రవైద్యులును, విశ్వవిద్యాలయపు ఇంజనీరింగు అధ్యాపకులును, రామంతాపూరు పాలిటెక్నిక్ విద్యార్థులును నెలకొకమాఱు ఒక్కబల్లయొద్ద గూర్చుండునట్లు ప్రభుత్వ ముత్తరువు చేయవలెను. విద్యార్థి శస్త్రశాలలో నిలిచి కత్తి యెచ్చట జాఱునో చూడవలెను. వైద్యుడు కర్మశాలకు వచ్చి మర యెట్లు తిరుగునో చూడవలెను. తొలిపనిగా ఒక హంబీకత్తిని, ఒక వలయంత్రమును, వాని పలకలను ఇచ్చటనే చేసి పరీక్షింపవలెను. మన సంపన్నులు తమ పెద్దల పేరట కల్యాణమండపములు కట్టించుచున్నారు. అందొకదాని వ్యయముతో నిట్టి కర్మశాల యొకటి నడువగలదు.

చదువరులు స్వయముగా చేయదగిన పని గూడ నొకటి కలదు. ఎంత మంచి కత్తియైనను తీయుటకు తోలుండవలెను గదా. ఒడలంతయు కాలినవానికి సొంతతోలు చాలదు. అట్టివానికి మృతుని తోలు రెండు మూడు వారములపాటు కవచమువలె గప్పి ప్రాణము నిలుపును. పిమ్మట దేహము దానిని త్రోసివేయును. ఆలోపల సొంతతోలు కొంత సిద్ధమగును. 2021లో ఉస్మానియా ఆసుపత్రియందు తెలంగాణమున మొదటి చర్మనిధి నెలకొల్పబడినది. మరణించిన ఆఱుగంటలలోపల తొడలనుండి, కాళ్ళనుండి, వీపునుండి డెర్మటోముతో పలుచనిపొర మాత్రమే తీయుదురు. నెత్తురు కాఱదు, దేహము వికారము కాదు, అంత్యక్రియల కెట్టి యాటంకమును లేదు. నెత్తురుజాతి గలియవలెనను నియమము లేదు. గ్లిసరిన్‌లో నుంచిన ఆ తోలు సంవత్సరములకొలది నిలువయుండును. 1994 నాటి అవయవదాన శాసనమునకు 2011లో చేసిన సవరణవలన ఈ దానమునకు చట్టబలము గూడ గలిగినది. నేత్రదానమునకు మన గ్రామములలో నిప్పుడు సంకోచము తగ్గినది. చర్మదానమును గూర్చి యింకను చాలమందికి వినికిడియైన లేదు. దహనమునకో ఖననమునకో పోవు తోలు ఒక తల్లిని బిడ్డలకు మిగుల్చుననగా కాదనువా డెవడు?

దధీచి తన యెముకల నిచ్చెనని, శిబి తన తొడకండ కోసియిచ్చెనని మనము పిల్లలకు కథలు చెప్పుచున్నాము. ఆ కథలలో దాతతోబాటు పనివాడును గలడని మఱువగూడదు. దధీచి యెముక వజ్రాయుధ మగుటకు విశ్వకర్మ కావలసివచ్చెను. ఇచ్చుటకు మన మున్నాము. విశ్వకర్మలు రామంతాపూరు పాలిటెక్నిక్ బల్లలమీద కూర్చుండియున్నారు. వారిని ఆసుపత్రి ద్వారమువఱకు పిలుచుకొని పోవు బాధ్యత ప్రభుత్వమునది, విశ్వవిద్యాలయములది. ఆ పిలుపు ఆలసించిన ప్రతిదినమును ఎవరో యొకరు మంచముమీద తోలుకై యెదురుచూచుచునే యుందురు.